గంటకీ లెక్క రాద్దాం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎన్ని సంఘాలకు బ్యాంకు లింకేజీ అయింది, ఎంత రికవరీ ఉంది, ఎన్ని యూనిట్లు గ్రౌండింగ్ అయ్యాయి అన్న వివరాలన్నీ ఈ నివేదికలో పట్టికల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ టైము తీసుకోం. మేము ఒక్క విషయమే మాట్లాడతాం. చివర్లో ఒక ప్రతిపాదన మీ ముందు పెడతాం. ఒప్పుకోవడమా, కాదనడమా మీ ఇష్టం. కానీ విన్న తర్వాత చెప్పండి.

విషయం సేవా వ్యాపారాల గురించి. క్యాటరింగ్, ఆఫీసు క్యాంటీన్, టిఫిన్ బండి, టైలరింగ్, బ్యూటీ పార్లర్, ముసలివాళ్లను, బాలింతలను చూసుకునే పని, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో శుభ్రం చేసే పని. వీటన్నిటిలో మనం అమ్మేది ప్రధానంగా మన చేతి పని, మన సమయం. పచ్చడి సీసా ఈరోజు అమ్ముడుపోకపోతే వచ్చే వారం అమ్ముడుపోతుంది. పార్లర్‌లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ రాకపోతే, ఆ రెండు గంటలు పోయినట్టే. దాచుకుని రేపు అమ్ముకోలేం. సరుకు వ్యాపారానికీ సేవ వ్యాపారానికీ అసలు తేడా ఇదే. సేవ వ్యాపారంలో సరుకు మనమే.

మన సంఘాలు ఎలా మొదలయ్యాయో పెద్దవాళ్లకు గుర్తుంది. 1990లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. ఆ ఉద్యమం వెంబడే పొదుపు ఉద్యమం పెరిగింది. రోజుకో రూపాయి దాచాం. అప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ రూపాయే మనకు పుస్తకం రాయడం నేర్పింది, బ్యాంకు గడప ఎక్కించింది. మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు అన్న పంచసూత్రాలు ఈరోజు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. రూపాయిని లెక్కపెట్టడం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ మన గంటని లెక్కపెట్టడం ఇంకా అలవాటు కాలేదు. మేము చెప్పదలుచుకున్నది ఇంతే.

ఎందుకు అలవాటు కాలేదంటే, ఆ గంటకి ఇంట్లో ఎవరూ లెక్క కట్టలేదు కాబట్టి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి పని చేసేవాళ్లను తీసుకుంటే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు పెట్టారని తేలింది. మగవాళ్లు 97 నిమిషాలు. మన ఐదు గంటలకు ఏ ఇంట్లోనూ బిల్లు రాయరు. అదే వంట, అదే కుట్టు, అదే ఊడ్పు మనం బయట అమ్మడానికి వెళ్లినప్పుడు కూడా ఆ అలవాటే వెంట వస్తుంది. "చేసేది మనమే కదా, దానికి లెక్కేంటి" అంటాం. అక్కడ మొదలవుతుంది నష్టం.

ఈ అలవాటు దాటి నిలబడ్డ ఆడవాళ్లు మనకంటే ముందు ఉన్నారు. వాళ్లలో కొందరి సంగతి చెప్తాం. కొందరు దూర దేశాల వాళ్లు, కొందరు మన దేశం వాళ్లు. కథ కోసం చెప్పడం లేదు. ఒక్కొక్కరి దగ్గర మనం తీసుకోవాల్సిన పద్ధతి ఒకటుంది.

పాచిపని నుంచి ఐదు వందల పార్లర్లు

మొదటామె మార్తా మటిల్డా హార్పర్. 1857లో కెనడాలో పుట్టింది. ఏడేళ్ల వయసులో ఇంట్లోవాళ్లు ఆమెను పరాయి ఇంటికి పనికి పంపారు. అక్కడి నుంచి పాతికేళ్ల పాటు ఇళ్లల్లో పనిమనిషిగానే బతికింది. ఆ కాలంలోనే అమెరికాలోని రోచెస్టర్ అనే ఊరికి వచ్చింది. అమ్మగార్ల జుట్టు కడగడం, దువ్వడం ఆమె పనిలో ఒక భాగం. అది ఆమెకు బాగా వచ్చు. కూడబెట్టుకున్న 360 డాలర్లతో 1888లో సొంతంగా పార్లర్ పెట్టింది. అప్పట్లో డబ్బున్నవాళ్లు జుట్టు ఇంట్లోనే పనివాళ్ల చేత చేయించుకునేవాళ్లు. బయటికి వచ్చి చేయించుకునే అలవాటు లేదు.

ఆమె ఏం చేసిందో చూడండి. పక్క గదిలో ఒక సంగీతం మాస్టారు ఉండేవాడు. పిల్లల్ని పాటకు తీసుకొచ్చిన తల్లులు బయట నిలబడేవాళ్లు. "లోపల కూర్చోండి" అని పిలిచి తన దుకాణంలో కుర్చీ వేసింది. కూర్చున్నవాళ్లు చూశారు, చూసినవాళ్లు చేయించుకున్నారు. తల వెనక్కి వాల్చి కడిగే కుర్చీ కూడా ఆమె తయారు చేయించుకున్నదే. కళ్లల్లో సబ్బు పడకూడదని.

పేరు వచ్చాక షికాగో నగరంలోని గొప్పింటి ఆడవాళ్లు మా ఊళ్లో కూడా పెట్టమన్నారు. మనమైతే సంతోషంతో అప్పు తెచ్చి పెట్టేస్తాం. ఆమె అలా చేయలేదు. ఖాతాదారులుగా వస్తామని పాతికమంది సంతకాలు చేసి ఇస్తే పెడతానంది. ముందు గిరాకీ, తర్వాత పెట్టుబడి. ఆ కొత్త దుకాణాలను ఆమె ఎవరికి ఇచ్చిందంటే, తనలాగే ఇళ్లల్లో పని చేసిన ఆడవాళ్లకు. వాళ్లకు తన పద్ధతి మొత్తం నేర్పింది. దుకాణం వాళ్లది, పేరూ పద్ధతీ ఆమెది. ఏ ఊళ్లో దుకాణానికి వెళ్లినా ఒకే రకం పని జరిగేది. బాగా నడిచిన రోజుల్లో అలాంటివి ఐదు వందలకు పైగా ఉండేవి. ఇప్పుడు మనం ఫ్రాంచైజీ అంటున్నామే, ఆ పద్ధతిని మొదట నడిపినవాళ్లలో ఆమె ఒకరు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సింది రెండు. ఒకటి, సంతకం తీసుకున్నాకే దుకాణం. రెండోది, పని తన చేతిలోనే ఉంచుకోలేదు, ఇంకొకరికి నేర్పింది. మన దగ్గర ఎన్ని పార్లర్లు, ఎన్ని టైలరింగ్ షాపులు ఒక్క మనిషి మీద ఆధారపడి ఉన్నాయో మీకు తెలుసు. ఆమెకు జ్వరం వస్తే షట్టర్ దించాలి. కూతురి కాన్పుకి వెళ్తే మూడు నెలలు మూత. తిరిగొచ్చేసరికి గిరాకీ పక్క దుకాణంలో ఉంటుంది. కిస్తీ మాత్రం ఎక్కడికీ పోదు.

ఒకటే ధర, ముందే చెప్పిన ధర

రెండో ఆమె స్టెఫనీ షర్లీ. యూదు తండ్రి బిడ్డ. హిట్లర్ కాలంలో, 1939లో, ఐదేళ్ల వయసులో కన్నవాళ్లను వదిలి రైల్లో ఇంగ్లండ్ చేరిన శరణార్థి. చదువుకుని కంప్యూటర్ పని నేర్చుకుంది. 1962లో చేతిలో ఆరు పౌండ్లు పెట్టుకుని, ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చే కంపెనీ పెట్టింది. ఎవరిని పెట్టుకుంది? పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆడవాళ్లను. వాళ్లందరూ ఎవరి ఇంట్లో వాళ్లు పని చేసేవాళ్లు. మొదటి మూడు వందల మందిలో 297 మంది ఆడవాళ్లే.

పని కోసం కంపెనీలకు తన పేరుతో ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. భర్త సలహా మీద "స్టీవ్" అని మగపేరుతో సంతకం చేసింది. అప్పుడు జవాబులు వచ్చాయి. ఫోను మాట్లాడుతుంటే పిల్లాడి ఏడుపు అవతలివాళ్లకు వినపడకుండా టైపు మిషన్ చప్పుడు టేపులో వేసేదట. మనలో ఎంతమందిమి ఒక చేత్తో పిల్లాడి నోరు మూస్తూ ఇంకో చేత్తో ఆర్డరు మాట్లాడామో కదా!

ఆమె చేసిన అసలు పని ఇది. తన మనుషులు ఇంట్లో ఉండి, పూటకొంత పూటకొంత చేస్తున్నారని తెలిస్తే ఖాతాదారు గంట లెక్కన బేరం ఆడతాడు. అందుకని పని మొత్తానికి ఒకటే ధర ముందుగా చెప్పేది. లోపల ఎవరు ఏ గంటలో చేస్తారన్నది తమ సంగతి. అలా ధర చెప్పాలంటే ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో లోపల పక్కాగా తెలిసి ఉండాలి. తెలియకుండా ఒకటే ధర చెప్తే నష్టం నెత్తిమీద పడుతుంది. కాంకార్డ్ అనే విమానంలో బ్లాక్ బాక్స్ ప్రోగ్రాము రాసింది ఆ ఇళ్లల్లోని ఆడవాళ్లే. తర్వాతి కాలంలో ఆమె కంపెనీలో పావు వంతు వాటా పని చేసేవాళ్ల చేతికి ఇచ్చింది. ఆ వాటాలతో డెబ్బై మంది కోటీశ్వరులయ్యారు.

మనది కంప్యూటర్ కంపెనీ కాదు, నిజమే. కానీ "ఇంట్లో ఉండి చేసేదే కదా, కొంచెం తగ్గించు" అన్న మాట మన టైలరింగ్ అక్క రోజూ వింటోంది. ఆ మాటకి ఆమె దగ్గర ఉండాల్సిన జవాబు గోడ మీద రాసిపెట్టిన ధరల బోర్డు. బ్లౌజుకి ఇంత, లైనింగు ఉంటే ఇంత, రేపటికే కావాలంటే ఇంత ఎక్కువ. బోర్డు ఉంటే బేరం మనిషితో ఉండదు.

అదే పని, చేతిలో ఒప్పందం

మూడోది మనకు పక్కనే ఉన్న మహారాష్ట్ర. పుణె నగరంలో చెత్తకుప్పల మీద కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకుని బతికేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1993లో వాళ్లు కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అనే సంఘం కట్టుకున్నారు. పేరులోనే కష్టం ఉంది. తర్వాత ఆ సంఘం నుంచి స్వచ్ఛ్ అనే సహకార సంఘం పుట్టింది. 2008లో నగర పాలక సంస్థతో ఒప్పందం రాసుకున్నారు. అప్పటి నుంచి కుప్పల దగ్గరికి కాదు, ఇళ్ల గుమ్మాల దగ్గరికి వెళ్లి చెత్త తీసుకుంటారు. ఇంటికి నెలకింత అని రుసుము ఆ ఇంటివాళ్ల నుంచే తీసుకుంటారు. అమ్ముకోగల కాగితం, ప్లాస్టిక్ మీద వచ్చే డబ్బూ వాళ్లదే.

ఆలోచించండి అక్కా. చెత్త అదే, చేతులు అవే. మారింది ఏమిటి? మెడలో గుర్తింపు కార్డు, రోజూ వచ్చే టైము, చేతిలో ఒప్పంద పత్రం, నెలకింత అన్న ధర. ముందు రోజు దాకా కుక్కని అదిలించినట్టు అదిలించినవాళ్లే, తర్వాత రోజు "ఈరోజు ఇంకా రాలేదేంటి" అని ఎదురుచూశారంటే, ఆ నాలుగింటి వల్లే.

ఇంకో పక్క కేరళ. అక్కడి కుటుంబశ్రీ 1998లో మొదలైంది. మనలాంటి పొదుపు సంఘాలే. 2017లో కొచ్చి మెట్రో రైలు మొదలైనప్పుడు టికెట్ కౌంటర్లు, స్టేషన్ల శుభ్రత లాంటి పనులు కుటుంబశ్రీ ఆడవాళ్లు తీసుకున్నారు. ఊళ్లో పొదుపు పుస్తకం రాసినవాళ్లు మెట్రో స్టేషన్ నడిపించారు. శిక్షణ, షిఫ్టులు, యూనిఫాం, నెల జీతం, ఇవన్నీ కుదుర్చుకునే పనిలో దిగారు. మన తెలంగాణలో కూడా 2024 నుంచి మహిళా శక్తి క్యాంటీన్లు సంఘాల చేతికి వస్తున్నాయి. అవకాశం గుమ్మం దాకా వచ్చింది. దాన్ని నిలబెట్టుకోవడం మన లెక్క మీద ఉంది.

యాభై పైసల కాఫీ

చివరగా చెన్నైలో పాట్రీషియా నారాయణ్. మెరీనా బీచ్‌లో చిన్న బండి పెట్టింది. మొదటి రోజు అమ్మింది ఒకే ఒక్క కాఫీ, యాభై పైసలు. ఏడ్చుకుంటూ ఇంటికెళ్తే వాళ్లమ్మ, ఒకటైనా అమ్ముడుపోయింది కదా అని ధైర్యం చెప్పింది. మర్నాడు వందల్లో వచ్చింది. కానీ ఆమె బండి దగ్గరే ఆగిపోలేదు. బీచ్‌లో వాన వస్తే వ్యాపారం లేదు. అందుకని గవర్నమెంటు ఆఫీసు క్యాంటీన్, బ్యాంకు క్యాంటీన్ కాంట్రాక్టులు పట్టుకుంది. రోజూ ఇంతమంది తింటారన్న లెక్క ఖాయంగా ఉన్న చోటికి వెళ్లింది. అక్కడి నుంచే రెస్టారెంట్లు పెట్టే స్థాయికి ఎదిగింది. 2010లో ఫిక్కీ వాళ్లు ఆమెకు మహిళా పారిశ్రామికవేత్త అవార్డు ఇచ్చారు.

మన టిఫిన్ బండ్ల అక్కలకు ఇది పనికొచ్చే మాట. బండి మానమనడం లేదు. బండితో పాటు ఖాయంగా ఉండే ఒక్క ఆర్డరు, ఒక బడి స్టాఫు కానీ, ఒక షోరూమ్ కానీ, ఒక బ్యాంకు కానీ, పట్టుకోమంటున్నాం.

మన లెక్క మనం చూద్దాం

ఇప్పుడు మన క్యాటరింగ్ దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. వంద మందికి మధ్యాహ్నం భోజనం. ప్లేటు 90 రూపాయలు. మొత్తం 9,000. బియ్యం, పప్పు, నూనె, కూరలు, పెరుగు 5,200. గ్యాసు 500. ఆటో 600. విస్తళ్లు, నీళ్లు, గ్లాసులు 700. ఖర్చు 7,000. మిగిలింది 2,000.

"రెండు వేలు లాభం వచ్చింది" అని చెప్తాం. పుస్తకంలో కూడా అలాగే రాస్తాం. ఇప్పుడు ఆ రెండు వేల పక్కన మనుషుల్ని పెట్టండి. ఐదుగురు పని చేశారు. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగిస్తే, గిన్నెలు తోమి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. పన్నెండు గంటలు. తలా 400 వచ్చింది. గంటకి 33 రూపాయలు. ముందు రోజు సంతకెళ్లి కూరలు తెచ్చిన పూట ఇందులో లేదు. అంటే ఆ రెండు వేలు లాభం కాదు, కూలి. అది కూడా తక్కువ కూలి. లాభం సున్నా.

సున్నా లాభం ఉన్న యూనిట్ లోను కిస్తీ ఎక్కడి నుంచి కడుతుంది? మన కూలిలో నుంచి కడుతుంది. గిన్నెకి కన్నం పడితే కొత్త గిన్నె ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ కూలిలో నుంచే. ఇలా ఆరు నెలలు గడిచాక ఒకామె "నడుం నొప్పి" అంటుంది. ఇంకొకామె "మా ఆయన వద్దంటున్నాడు" అంటుంది. ఎవరూ గొడవ పెట్టుకోరు. ఒక్కొక్కరుగా తప్పుకుంటారు. బయటివాళ్లు "ఆడవాళ్లకు కలిసి పని చేయడం రాదు" అంటారు. కలిసి పని చేయడం రాకపోతే ముప్పై ఏళ్ల పొదుపు ఎలా నిలబడింది? అక్కడ రానిది ఐకమత్యం కాదు, కూలి.

అదే భోజనానికి ముందుగా కూలి రాసుకుని చూడండి. ఐదుగురికి తలా 500, మొత్తం 2,500. సామాను ఖర్చు 7,000. కలిపి 9,500. గిన్నెల అరుగుదలకి 300. లోనుకి 700. యూనిట్ నిధికి 500. మొత్తం 11,000. అంటే ప్లేటు 110. ఇది మన ధర. 90 అన్నది గాల్లో చెప్పిన ధర.

"110 అంటే ఎవరిస్తారక్కా? పక్కన మేస్త్రి 90కే చేస్తాడు" అని గ్రామ సంఘాల మీటింగుల్లో మాతో అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కొందరు ఇవ్వరు. వాళ్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, 90కి ఏం వస్తుందో అది చెప్పడం. స్వీటు తీసేయండి, రెండో కూర తీసేయండి. ప్లేటులో ఐటమ్ తగ్గుతుంది, కూలి తగ్గదు. రెండోది, నమస్కారం పెట్టి ఆ ఆర్డరు వదిలేయడం. నష్టానికి చేసిన ఆర్డరు కంటే ఆ రోజు పొలం కూలికి వెళ్లడం నయం. అక్కడ కనీసం సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది.

ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఒంటిగంట అంటే ఒంటిగంటకి వడ్డన మొదలవడం. వంద చెప్తే వంద మందికి సరిపోవడం. తలకి గుడ్డ, శుభ్రమైన చేతులు. ఫుడ్ లైసెన్స్ నమోదు కాగితం, సంతకంతో బిల్లు. ఇవి ఉన్నచోట ఇరవై రూపాయలు ఎక్కువ అడిగే హక్కు మనకు ఉంది. ఇవి లేకుండా అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వక్కర్లేదు కూడా.

ఇంకో ముఖ్యమైన విషయం, బాకీలు. మీటింగుకి భోజనం పెట్టాం, బిల్లు ఇచ్చాం. బిల్లు పాసవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు పెట్టుబడి పెట్టింది ఎవరు? మనం. వడ్డీ లేకుండా పెట్టాం. అవతల కిరాణా కొట్టువాడు ఆగడు, కిస్తీ తేదీ ఆగదు. అప్పుడు వారం వారం కట్టించుకునే ప్రైవేటు అప్పు తలుపు తడుతుంది. భోజనం తిన్నవాళ్లు మర్చిపోతారు, వంట చేసినామె వడ్డీ కడుతూ ఉంటుంది. అందుకని సగం అడ్వాన్సు లేకుండా సామాను కొనకూడదు. మొహమాటం వద్దు. కల్యాణ మండపంవాడు అడ్వాన్సు తీసుకుంటాడు, టెంటు హౌస్‌వాడు తీసుకుంటాడు, బ్యాండువాడు తీసుకుంటాడు. వంట చేసే ఆడవాళ్లు మాత్రమే ఎందుకు ఆగాలి?

ఆఖరుది, పని ఎవరిది, వాటా ఎవరిది. సంఘంలో పదిమందిమి కలిసి లోను తీసుకుంటాం. పనికి వచ్చేది ఐదుగురు. లాభం పదిమందికీ సమానంగా పంచుతాం. ఐదుగురికి మండుతుంది. లేదా ఐదుగురే పంచుకుంటారు, మిగతా ఐదుగురికి మండుతుంది. ఈ రెంటినీ వేరు చేయాలి. పని చేసినామెకు చేసిన రోజుకి కూలి. ఆ తర్వాత మిగిలితే, పెట్టుబడి పెట్టిన పదిమందికీ వాటా. కూలి ముందు, వాటా తర్వాత. ఇది రాసుకున్న యూనిట్‌లో గొడవ తక్కువ. అధ్యక్షురాలు వచ్చి గరిటె పట్టినా ఆమెకూ అదే కూలి. రాకపోతే అధ్యక్షురాలైనా కూలి లేదు.

సేవ వ్యాపారానికి పంచసూత్రాలు

పొదుపుకి ఐదు సూత్రాలు ఉన్నట్టే, సేవ పనికి కూడా ఐదు పెట్టుకుందాం అని ఉపసంఘంలో అనుకున్నాం.

ఒకటి. ఎవరు ఎన్ని గంటలు చేశారో అదే రోజు రాయాలి. హాజరు పుస్తకం లేని యూనిట్‌కి లాభం లెక్క లేనట్టే.

రెండు. కూలి కలుపుకునే ధర కట్టాలి. ఆ ధర బోర్డు మీద రాయాలి. తెలిసినవాళ్లైనా, బంధువులైనా బోర్డు మీదున్నదే.

మూడు. చెప్పిన టైముకి, చెప్పిన కొలతకి ఇవ్వాలి. చేయలేమనుకుంటే ముందే చెప్పాలి.

నాలుగు. ఆర్డరు కాగితం మీద ఉండాలి, సగం అడ్వాన్సు ఉండాలి. మొదటి బాకీ తీరకుండా రెండోసారి బాకీ మీద పని చేయకూడదు.

ఐదు. ప్రతి పనికి రెండో మనిషి తయారుగా ఉండాలి. ఒకరికి నేర్పని పని, ఎంత బాగా వచ్చినా సగం పనే.

ఇందులో కొత్తగా చదువుకోవాల్సింది ఏదీ లేదు. పొదుపు పుస్తకం రాయగలిగిన చెయ్యి హాజరు పుస్తకం కూడా రాస్తుంది.

ఇప్పుడు మా ప్రతిపాదన. ఇక నుంచి సేవా వ్యాపారానికి సమాఖ్య నుంచి అప్పు అడిగే ప్రతి సంఘం, దరఖాస్తుతో పాటు ఒక్క పేజీ కూలి లెక్క ఇవ్వాలి. ఎంతమంది పని చేస్తారు, ఎన్ని గంటలు, రోజు కూలి ఎంత, అది కలిపాక ధర ఎంత, ఆ ధరకి తీసుకుంటామన్న ఖాతాదారులు ఎవరు. ఆ పేజీ లేని దరఖాస్తుని పక్కన పెట్టాలి. పేజీ రాయడం రానివాళ్లకు మన లెక్కల అమ్మాయిలు, ఉపసంఘం సభ్యులు కూర్చోబెట్టి రాయించాలి.

"లోనుకి ఇప్పటికే బోలెడు కాగితాలు, ఇంకొకటా" అని కొందరు అక్కలు ఇప్పటికే అన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. కాగితాల కోసం తిరిగి తిరిగి కాళ్లు అరిగినవాళ్లమే మనమంతా. కానీ ఇన్నాళ్లూ మనం ఇచ్చిన కాగితాలన్నీ మనం అప్పు కడతామా లేదా అని అవతలివాళ్లు చూసుకోవడానికి. ఈ ఒక్క పేజీ మాత్రం మన కష్టం మనకు గిట్టుబాటు అవుతుందా లేదా అని మనం చూసుకోవడానికి. లోను చేతికొచ్చాక తెలిసే నష్టం, పెన్సిలు పట్టుకున్నప్పుడే తెలిస్తే మంచిది కదా. ఆ పేజీ చూసుకుని ఒక సంఘం "ఇది మాకు కుదరదు" అని దరఖాస్తు వెనక్కి తీసుకుంటే, దాన్ని సమాఖ్య ఓటమిగా లెక్కెయ్యం. ఒక అప్పు తప్పిందని సంతోషిస్తాం.

సమాఖ్య వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. మన మీటింగులకు, మన శిక్షణలకు భోజనాలు మన యూనిట్ల దగ్గరే తెప్పిస్తాం. అప్పుడు వాళ్లు చెప్పిన ధరే ఇవ్వాలి. సగం అడ్వాన్సు మనమే ముందు ఇవ్వాలి. మిగతాది వారం లోపు కట్టాలి. మన చెల్లెలి దగ్గరే బేరం ఆడి, బయటివాళ్లు న్యాయమైన ధర ఇవ్వాలంటే ఎవరూ నమ్మరు. ఇది కూడా తీర్మానంలో రాయాలని ఉపసంఘం కోరుతోంది.

భోజనాల తర్వాత గ్రామ సంఘాల వారీగా కూర్చుని ఈ రెండు విషయాల మీద మాట్లాడండి. అభ్యంతరాలుంటే మొహమాటపడకుండా చెప్పండి. మార్పులుంటే రాసివ్వండి. సాయంత్రం చేతులెత్తి తేల్చుకుందాం.